ఏడు పైపులు, ఒక సీసా

మార్చి 3

అమ్మలూ,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం బయటికి తీసి మళ్ళీ సొరుగులో పెట్టేశాను. డెబ్బై ఒకటో ఏట మేనమామ మేనకోడలికి ఉత్తరం రాస్తే ఆరోగ్యం గురించో, అల్లుడి ఉద్యోగం గురించో అడగాలి. ఏ రకం సారా మంచిదని అడిగితే ఏం బాగుంటుంది? కానీ మన వాళ్ళందరిలోనూ రసాయనాలు చదువుకున్నది నువ్వొక్కదానివే. రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో పొద్దస్తమానం సీసాల మూతలు తీసి వాసన చూసే ఉద్యోగం నీది. నిన్ను కాక ఇంకెవర్ని అడగను? ఫోను చేయవచ్చు కదా అంటావు. ఫోనులో నా మాట నాకే సరిగ్గా వినపడదు.

సంగతేమిటంటే, గడియారాల కొట్టు మూసేశాక బల్లా పనిముట్లూ ఇంటి ముందుగదిలోకి తెచ్చి పెట్టుకున్నాను. చేతివాచీ ఆగిపోతే బాగుచేయించుకునే మనిషి ఇప్పుడు భూతద్దం పెట్టి వెతికినా దొరకడు. నా పట్టకార్లు ఖాళీగా పడి ఉండడం మా వీధి రీడింగు రూము పెద్దమనుషులు చూశారు. వాళ్ళు ఆరుగురు. అందరూ పైపు పీల్చేవాళ్ళే. హెడ్మాస్టరు గారికి రెండు పైపులు, మిగతా అయిదుగురికి తలా ఒకటి, వెరసి ఏడు. పొగాకు కూరే కర్ర గిన్నెలోనూ, దానికి తొడిగే నల్లరబ్బరు గొట్టంలోనూ ఏళ్ళ తరబడి తారు పేరుకుని గడ్డకట్టింది. గడియారం పళ్ళచక్రాలు శుభ్రం చేసిన చేతికి ఇదొక లెక్కా అన్నారు. నేనా, డాక్టరు మాట మీద పొగ మానేసి రెండేళ్ళయింది. అయినా ఒప్పుకున్నాను. మానేసినవాడికి చేతిలో పట్టుకునే సాకు ఏదో ఒకటి కావాలి కదా.

చిక్కంతా దేనితో కడగాలన్న దగ్గరే వచ్చింది. పోయిన నెల మా రైలు గార్డు గారు (రిటైరయ్యాడులే) బీరువాలకు పాలిష్ వేసే కొట్టులో నీలం స్పిరిట్టు అడిగి తెచ్చుకుని, తనే కడుక్కుని, తడి ఆరకముందే వెలిగించాడు. రెండు రోజులు కడుపులో తిప్పుడు, కళ్ళ ముందు మంచు. ఇప్పుడు బాగానే ఉన్నాడు కానీ ఎవరు ఎదురైనా నమస్కారం మానేసి "కనపడుతున్నారు, కనపడుతున్నారు" అంటున్నాడు. దాంతో అందరికీ భయం పట్టుకుంది. ఒకాయన పెట్రోలు అంటాడు. ఒకాయన ఇంజక్షనుకు ముందు రాసే స్పిరిట్టు అంటాడు. హెడ్మాస్టరు గారు మాత్రం బ్రాందీయే అంటాడు. కారణం చెప్పడు, కళ్ళు మూసుకుని తలూపుతాడు.

ఏప్రిల్ అయిదు లోపల ఇవి తేల్చేయాలి. రోడ్డు వెడల్పు చేస్తారట, ఈ ఇల్లు కొట్టేస్తారు. మీ అమ్మ తన ఇంట్లో వెనకగది ఇస్తానంది. షరతు ఒక్కటే: ఆ గడప లోపలికి మందు వాసన రాకూడదు. నాకేం అభ్యంతరం? మా నాన్న తాగి తాగి పోయిన ఇంట్లో పెరిగాం ఇద్దరమూ. నాకన్నా ఆరేళ్ళు పెద్దది కనుక ఎత్తి పడుకోబెట్టే పని అక్కకి పడింది, చూస్తూ కూర్చునే పని నాకు పడింది. నాకు వేరే చోటు లేదనీ నీకు తెలుసు. అందుకని వెళ్ళేలోపు ఏడు పైపులూ శుభ్రం చేసి, ఎవరివి వాళ్ళకిచ్చి, కడిగిన చేతులతో అక్క దగ్గరికి వెళ్ళిపోవాలని ఉంది.

చదివాక మామూలుగానే మూల మీద పొడి సంతకం పెట్టి అమ్మకు పంపు. మన ఇళ్ళలో ఉత్తరం ఒకరికి రాస్తే అందరూ చదవాలన్న నియమం మీ అమ్మమ్మ పెట్టింది. ఎందుకు పెట్టిందో అడిగే ధైర్యం అప్పుడెవరికీ లేకపోయింది, ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు.

మీ మావయ్య


మార్చి 9

మావయ్యా,

నీ ఉత్తరం ల్యాబులోనే చదివాను. మా ఇన్‌చార్జి "ఇంటి దగ్గర్నుంచా, ఏం విశేషం?" అన్నాడు. "మా మావయ్య ఏ సారా మంచిదని అడుగుతున్నాడండీ" అన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి, టీ తెప్పించాడు.

ఇక విషయానికి వస్తాను. నీలం స్పిరిట్టు ముట్టుకోవద్దు. జనం తాగకుండా ఉండాలని దాంట్లో మిథనాలు కలుపుతారు. అది కళ్ళు పోగొట్టే విషం. గార్డు గారు బతికి బయటపడ్డాడు, అంతే. పైపు అన్నది నోట్లో పెట్టుకునే వస్తువని ఆయనకు ఎవరైనా చెప్పాలి. పెట్రోలు, కిరసనాయిలు, థిన్నరు పేరెత్తినవాళ్ళని నీ బల్ల దగ్గరికి రానివ్వకు. గోళ్ళరంగు తుడిచే ద్రవం కూడా వద్దు, గొట్టం పాడవుతుంది. ఇంజక్షను స్పిరిట్టులో ఏం కలిపారో సీసా మీద రాసి ఉంటే తప్ప నమ్మడానికి లేదు.

పనికొచ్చేవి రెండే. ఒకటి మనిషి తాగగలిగిన సారాయే. రంగు, తీపి, పరిమళం ఏవీ లేనిది, ఎంత ఘాటైనదైతే అంత మంచిది. అలాంటిది వోడ్కా. రమ్ము, బ్రాందీ తారును కరిగిస్తాయి కానీ వాటి తీపి లోపల జిగురులా మిగిలిపోతుంది. రెండోది మందుల షాపులో అమ్మే ఐసోప్రొపైల్ అనే స్పిరిట్టు, తొంభై తొమ్మిది శాతానిది, ఇంకేమీ కలపనిది. పూర్తిగా ఆరిపోయాక ఏమీ మిగలదు, కానీ తడిగా ఉండగా నోట్లోకి పోతే మంచిది కాదు. మీ గార్డు గారిలాంటి తొందర మనుషులున్నచోట మొదటిదే క్షేమం.

దూది చుట్టిన తీగను తడిపి గిన్నె లోపల, గొట్టం లోపల మాత్రమే తిప్పు. బయట పాలిష్‌కు తగిలితే తెల్లటి మచ్చలు పడతాయి. దగ్గర్లో మంట ఉండకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. ఒక రోజంతా ఆరాక గానీ ఎవరికీ తిరిగి ఇవ్వకు, ఎంత బతిమాలినా సరే.

నువ్వు మళ్ళీ మొదలుపెట్టలేదు కదా? పొగ సంగతే అడుగుతున్నాను.

నీ ఉత్తరం, నా జవాబు నకలు అమ్మకి పంపాను.

అమ్మలు


మార్చి 15

అమ్మలూ,

పొగ మొదలుపెట్టలేదు. కానీ మొన్న జన్మలో మొదటిసారి మందు షాపు మెట్లెక్కాను. మెట్లు ఎందుకన్నానంటే, నాలుగున్నాయి, నాలుగింటి మీదా తెలిసినవాళ్ళే కూర్చుని ఉన్నారు. నేను చిన్నప్పుడు ఇలాంటి షాపు బయట నిలబడి మా నాన్నను పిలుచుకు వెళ్ళడానికి ఎన్నోసార్లు వచ్చాను కానీ లోపలికి వెళ్ళింది లేదు. బయట నిలబడి పిలిస్తే ఆయన "వస్తున్నా, గడియారం చూసుకో" అనేవాడు. నేను ఆ వృత్తిలోకి దిగడానికి అదే కారణమని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. సరే, ఎక్కడికో పోతున్నాను.

షాపతను ఏం కావాలన్నాడు. నీ ఉత్తరం జేబులోంచి తీసి చదివాను: "రంగు ఉండకూడదు, తీపి ఉండకూడదు, వాసన ఉండకూడదు, బాగా ఘాటుగా ఉండాలి."

"ఎందుకండీ?"

"పైపులు కడగడానికి."

అతను సీసా కిందికి దించుతూ లోపల ఎవరితోనో, "చాలామంది చాలా చెబుతారు గానీ, ఇది మాత్రం కొత్తదిరోయ్" అన్నాడు.

హెడ్మాస్టరు గారు దీన్ని ఊరికే పోనివ్వలేదు. ఆయన ఉన్నచోట ముగ్గురు చేరితే అది సభ. "పోల్చి చూడకుండా నిర్ణయించడం శాస్త్రీయం కాదు" అని సంఘమొకటి ఏర్పాటు చేసి, తానే అధ్యక్షుడై, బ్రాందీ సీసా తానే తెచ్చాడు. నా బల్ల మీద రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి రెండు పైపులతో పరీక్ష మొదలుపెట్టాం. నాకు అర్థమైనదేమిటంటే, బ్రాందీ ఆరిపోయే వేగం మీ పుస్తకాల్లో రాసినదానికన్నా చాలా ఎక్కువ. పైపులో పోయకముందే ఆరిపోతోంది. రెండో రోజుకి సీసాలో వేలెడు మిగిలింది. "ఫలితం స్పష్టంగా రాలేదు, ఇంకొక సీసా కావాలి" అని సభ తీర్మానించింది.

నీ వోడ్కా మాత్రం బంగారంలా పనిచేసింది. తీగ తిప్పి లాగితే తారు దూదికి పట్టుకుని కాటుకలా వస్తోంది. రెండు పైపులు అయిపోయాయి. ఆరాక హెడ్మాస్టరు గారు పీల్చి, "నలభై ఏళ్ళుగా నేను తాగింది పొగాకు కాదన్నమాట, తారు అన్నమాట" అని కాసేపు బాధపడ్డాడు.

అక్క దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. వెనకగదిలోకి నా బల్ల పడుతుందో లేదో కొలత పంపమని అడిగాను. గది చిన్నదైతే బల్లకు కాళ్ళు తీయించాలి.

మీ మావయ్య


మార్చి 20

మావయ్యా,

అమ్మ కొలత పంపదు. గదిలో పాత మంచాలు పెట్టించేసింది.

మూడు ఉత్తరాలూ చదివి నాకు ఫోను చేసింది. ఆవిడ అన్నది అన్నట్టుగా రాస్తున్నాను. నేను మెత్తగా చెబితే నీకు అర్థం కాదు.

"పైపులు కడగడానికట. మా నాన్న పంటినొప్పికి అనేవాడు. పళ్ళన్నీ ఊడిపోయాక చిగుళ్ళకి అన్నాడు."

"అమ్మా, నిజంగానే పైపులమ్మా. మావయ్యవి కూడా కాదు, ఎవరివో."

"మా నాన్న కూడా తన కోసం ఎప్పుడూ తేలేదు. పాపం ఎవరికో అని తెచ్చేవాడు."

అప్పుడు నేను పెద్ద తప్పు చేశాను. తారు సారాలో ఎందుకు కరుగుతుందో, నీళ్ళలో ఎందుకు కరగదో, శాతం ఎక్కువైతే లాభమేమిటో అన్నీ విడమరచి చెప్పాను. అంతా విని, "వాడు నిన్ను కూడా కలుపుకున్నాడన్నమాట. ఇంత వివరంగా అబద్ధం చెప్పేవాడు మా ఇంట్లో ఒక్కడే ఉండేవాడు, ఆయన పోయాడనుకున్నాను" అని ఫోను పెట్టేసింది.

తప్పు నాదే. మొదటిదే క్షేమమని రాసినప్పుడు గార్డు గారి కడుపు గురించి ఆలోచించాను గానీ అమ్మ గురించి ఆలోచించలేదు. ఇప్పుడైనా మించిపోలేదు. ఆ సీసా ఎవరికైనా ఇచ్చేసి, మిగతా పైపులకు ఐసోప్రొపైల్ తెచ్చుకో. బాగా ఆరనిస్తే చాలు. అమ్మకి నువ్వే ఒక ఉత్తరం రాయి. పొట్టిగా రాయి. ఏప్రిల్ అయిదు తరువాత నువ్వెక్కడ ఉంటావో నాకు తెలియడం లేదు. మా ఇంట్లో నువ్వు కాళ్ళు చాపుకునేంత చోటు కూడా లేదు.

అమ్మలు


మార్చి 24

అమ్మలూ,

నీ ఉత్తరం అందిన పూట తలుపు గడియ పెట్టేశాను. మా గార్డు గారు వచ్చి "కనపడుతున్నారు" అన్నా తీయలేదు.

సీసా ఎవరికీ ఇవ్వను. తప్పు చేయనివాడు సీసా దాచుకోవడమేమిటి? మంచి ద్రవం దొరికి, పని సగంలో ఉండగా మార్చడమేమిటి? గడియారం విప్పాక మధ్యలో పనిముట్టు మార్చినవాడి చేతిలో ఏ గడియారమూ బతకలేదు. నాలుగు పైపులు అయిపోయాయి, మూడున్నాయి.

అయినా అక్కకి ఉత్తరం రాశాను. పొట్టిగానే, పదకొండు పేజీలు. మాటలు నమ్మదని సాక్ష్యాలు కూడా జతచేశాను. ఒకటి, తారు పట్టిన దూది తీగలు, ఇరవై మూడు, కవరులో పెట్టి. చూస్తే చాలు, ఈ నలుపు మనిషి కడుపులోంచి వచ్చేది కాదని ఎవరికైనా తెలుస్తుంది. రెండు, సంఘం తరఫున ధ్రువపత్రం. హెడ్మాస్టరు గారు తనే వాక్యం అల్లాడు: "ఇందుమూలముగా ధ్రువీకరించడమేమనగా, పై ద్రవము కేవలము శుభ్రత నిమిత్తమే వినియోగింపబడినది." కింద ఆరుగురూ సంతకాలు పెట్టారు. ఆ పూట రెండో బ్రాందీ సీసాతో పరీక్ష జరుగుతూ ఉండడం వల్ల సంతకాలు కొంచెం పక్కకి వాలాయి. నేను పెట్టలేదు. నా గురించి నేనే సాక్ష్యం చెప్పుకోవడం బాగుండదని.

ఇది నీకు అందేసరికి కవరు అక్కకి చేరే ఉంటుంది. గది కొలత కోసం చూస్తున్నాను.

మీ మావయ్య


మార్చి 28

మావయ్యా,

కవరు చేరింది. అమ్మ దాన్ని పక్కింటావిడ ముందు విప్పింది. ముందు వాసన వచ్చిందట, తరువాత తీగలు వచ్చాయట. పక్కింటావిడ ముక్కు మూసుకుని లేచి వెళ్ళిపోయిందట. ధ్రువపత్రం నాకు ఫోనులో చదివి వినిపించింది. చివర్లో, "ఆరుగురు తాగుబోతులు చేరి ఏడోవాడికి సర్టిఫికెట్టు ఇచ్చారు" అంది.

ఆదివారం ఉదయం బస్సుకి మీ ఊరు వస్తోంది. నేను ఆపలేను. గది ఇవ్వాలా వద్దా అని అక్కడే తేల్చుకుంటుందట. "వాణ్ణి ఒక్కటే అడుగుతాను" అంది. ఏమిటో నాకు చెప్పలేదు.

నా మాట ఒక్కటి విను. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు. శాతాలు చెప్పకు. ఆ హెడ్మాస్టరు గారిని ఆ పూట ఇంటికి రానివ్వకు.

అమ్మలు


ఏప్రిల్ 6

అమ్మలూ,

నీ ఉత్తరం సోమవారం చేరింది. అక్క ఆదివారం చేరింది.

తలుపు తీసే ఉంది. నేను బల్ల దగ్గర ఆరో పైపు మీద ఉన్నాను. హెడ్మాస్టరు గారు, గార్డు గారు తమ పైపులు తీసుకెళ్ళడానికి వచ్చి కూర్చున్నారు. బల్ల మీద వోడ్కా సీసా, మూత తీసి. అక్క గుమ్మంలో నిలబడి అందరినీ ఒకసారి చూసి, హెడ్మాస్టరు గారి దగ్గర ఆగింది.

"మీరెవరు?"

"నేను సంఘానికి అధ్యక్షుణ్ణమ్మా."

"ఏ సంఘం?"

ముప్పై ఏళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగిన మనిషి. ఆ ప్రశ్నకు కండువా సర్దుకుని చెప్పుల వైపు చూశాడు. గార్డు గారు లేచి నిలబడి, చేతులు జోడించి, "కనపడుతున్నారమ్మా" అన్నాడు. ఇద్దరూ ఒకే చెప్పుల జత కోసం వెతుక్కుంటూ వెళ్ళిపోయారు.

అక్క సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. సగం పైన ఉంది. వాచీలు ఇచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"చెయ్యి. చూస్తాను."

చేశాను. దూది చుట్టాను, తడిపాను, గొట్టంలో తిప్పాను, లాగాను. నల్లగా వచ్చింది. మళ్ళీ చుట్టాను. తొమ్మిదో తీగకు గానీ తెల్లదూది తెల్లగా బయటికి రాలేదు. అక్క తీగలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. నేను శాతాలెత్తలేదు, నీ ఉత్తరం అందకపోయినా. చివరికి అంది:

"సరే, పైపులు కడిగావు. నమ్మాను. ఒక్కటి చెప్పు. ఇందులోంచి ఒక్క చుక్కయినా నీ నోట్లో పోసుకున్నావా?"

అమ్మలూ, పదకొండు పేజీల్లో ఈ ఒక్క ముక్కా నేను రాయలేదు. ఈ వారం రోజులూ నన్ను నమ్మలేదని మండిపడుతూనే తిరిగాను, ఈ ముక్క మాత్రం నాకు నేనే చెప్పుకోకుండా. లేదు అంటే అయిపోయేది. గది నాదే. లేదు అన్న మాట నోటి చివరిదాకా వచ్చింది కూడా.

"పోసుకున్నాను అక్కా. తెచ్చిన రోజున. ఒక మూత."

"ఎందుకు?"

సరుకు అసలుదో కల్తీదో చూడడానికి అని చెప్పవచ్చు. గార్డు గారిలాంటివాళ్ళకి ప్రమాదం లేకుండా అని చెప్పవచ్చు. ఆ క్షణానికి మూడు మంచి కారణాలు తట్టాయి. మూడూ మా నాన్న గొంతుతోనే తట్టాయి.

"ఎలా ఉంటుందో చూద్దామని."

అక్క నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. నేను బల్ల మీది పట్టకారు వంక చూశాను.

"ఎలా ఉంది?"

"కిరసనాయిల్లాగా."

"నలభై ఏళ్ళురా," అంది. "నాన్నని రోజూ అడిగేదాన్ని. ఒక్కనాడు, ఒక్కనాడంటే ఒక్కనాడు, అవునమ్మా తాగాను అనలేదు. అని ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. అన్నం పెట్టేదాన్నేమో."

తరువాత కొంగుతో ముఖం తుడుచుకుని, సీసా తీసుకెళ్ళి మోరీలో ఒంపేసింది. "ఇంకా ఏడోది ఉందక్కా" అన్నాను. "దానికి ఇంకోటేదో ఉందని అమ్మలు రాసిందిగా, పద" అంది. మందుల షాపుకి నాతో వచ్చి తనే అడిగింది. షాపతను ఐసోప్రొపైల్ సీసా బల్ల మీద పెట్టాడు.

"తాగితే చస్తారా?"

"చస్తారండీ," అన్నాడతను, భయపడి.

"అయితే ఇవ్వు."

ఏడో పైపు అక్కే కడిగింది. నా చేతిలోంచి లాక్కుని, "ఇలాగా రుద్దేది, అన్ని గడియారాలు ఎలా నడిచాయో" అంటూ. ఒక రోజు ఆరనిచ్చి ఇచ్చేశాను. ఆ పైపు ఇచ్చేటప్పుడు హెడ్మాస్టరు గారు సంఘాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించి, బ్రాందీ విషయంలో పరిశోధన తన ఇంట్లో కొనసాగుతుందన్నాడు.

శుక్రవారం నుంచి అక్క ఇంట్లోనే ఉన్నాను. గదికి ఇప్పుడు రెండు షరతులు. ఒకటి పాతదే. రెండోది, ఏమైనా అడిగితే కారణం చెప్పకూడదు, అవునో కాదో చెప్పాలి. మొదటిది తేలికే. రెండోదానితో నానా తంటాలు పడుతున్నాను. నిన్న "అన్నం తిన్నావా" అని అడిగితే జవాబు చెప్పడానికి అరగంట పట్టింది, నాలుక మీద ఉన్న కారణాలన్నీ మింగేసరికి.

మంచాలు ఇంకా తీయలేదు. నేను ప్రస్తుతం ముందుగదిలో పడుకుంటున్నాను.

మీ మావయ్య

తా.క. వెనకగదికి సున్నం వేయడానికి అక్క పిలిపించిన మనిషి ఈ ఉదయం వచ్చాడు. నిచ్చెన పొట్టిదైంది. రేపు వస్తానని వెళ్ళాడు.